రేసు అయిపోయిన మంగళవారం

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల్ని చదువుకోవడానికి వీలుగా కాస్త సర్ది ఇక్కడ ఇస్తున్నాం.)

ఈ వారం సాఫ్ట్‌వేర్ గురించి గానీ, కొత్త ఫోన్ల గురించి గానీ మాట్లాడబోవట్లేదు. పరుగు గురించి మాట్లాడుకుందాం. "మాకు పరుగంటే పడదు బాబూ" అని వెంటనే మూసేయకండి, ఒక్క నిమిషం ఆగండి. ఏదైనా ఒక పని మొదలుపెట్టి, కష్టపడి, బాగానే చేసి, ఆ తర్వాత ఎందుకో తెలియకుండా వదిలేసినవాళ్ళు మీలో ఉంటారు కదా. వీణ కావచ్చు, బొమ్మలు వెయ్యడం కావచ్చు, జిమ్ కావచ్చు. ఈ ఎపిసోడ్ వాళ్ళ కోసం కూడా.

ముందు ఒక ప్రశ్న. రేసులు మామూలుగా ఆదివారం పెడతారు. సోమవారం ఒళ్ళంతా నొప్పులు, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఆ రోజు ఎవరూ పరిగెత్తరు, పరిగెత్తకూడదు కూడా. మరి మంగళవారం? పోనీ నొప్పులు తగ్గకపోతే, ఆ పై మంగళవారం? మెడల్ వచ్చేసింది. ఫొటో పెట్టేశాం, లైకులు కూడా వచ్చేశాయి. ఇప్పట్లో ఇంకో రేసు లేదు. అయిదింటికి అలారం మోగింది. లేస్తారా?

ఈ ప్రశ్నకి నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి 2019ది, ఇంకొకటి మొన్న 2024 డిసెంబరుది. ఆ రెండిటికీ మధ్య ఏం జరిగిందో చెప్తాను.

మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. ఇంటి దగ్గర నుంచి సముద్రం దాకా నడిచి వెళ్ళిపోవచ్చు. మా ఊళ్ళో వైజాగ్ నేవీ మారథాన్ అని ఒకటి జరుగుతుంది, తూర్పు నౌకాదళం వాళ్ళు బీచ్ రోడ్డు మీద పెడతారు. అయిదు కిలోమీటర్లు, పది, ఇరవై ఒకటి, ఇలా ఎవరి ఓపికను బట్టి వాళ్ళు. 2018లో నేను బీటెక్ చివరి ఏడాది. ఫ్రెండ్స్‌తో పందెం కాసి ఇరవై ఒకటికి పేరిచ్చేశాను. పెద్ద ప్రాక్టీసేమీ లేదు. క్రికెట్ ఆడే బూట్లే వేసుకుని వెళ్ళాను. రెండు గంటల ఏడు నిమిషాలు పట్టింది. నిజం చెప్పాలంటే ఆ టైము నాకు తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. నాకు గుర్తున్నది వేరే. తెల్లారుతుంటే సముద్రం మీద వెలుగు, తెన్నేటి పార్కు దగ్గర ఎక్కుడు ఎక్కుతుంటే ముక్కూ మొహం తెలియని ఒకాయన "అయిపోయింది తమ్ముడూ, ఇంక దిగుడే" అని భుజం తట్టడం. దిగుడు కాదు, ఇంకా ఉంది ఎక్కుడు. అబద్ధం చెప్పాడు. కానీ ఆ అబద్ధానికే కాళ్ళు కదిలాయి.

మరుసటి ఏడాదికల్లా ఉద్యోగం వచ్చింది, హైదరాబాద్ వెళ్ళిపోయాను. మొదటి జీతంతో జీపీఎస్ వాచీ కొన్నాను. ఇంజినీరు బుర్ర కదా, ఎక్సెల్ షీటు తయారైపోయింది. ఈసారి లక్ష్యం రెండు గంటల లోపు. ఎందుకు రెండు గంటలే? ఏమో. గుండ్రంగా ఉంది, చెప్పుకోవడానికి బావుంటుంది. లెక్క వేస్తే కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు. అయిదు నెలలు ఆ 5:41 అన్న అంకెతోనే తిన్నాను, దాంతోనే పడుకున్నాను. నవంబరులో ఊరికి వచ్చి పరిగెత్తాను. 1:59:12. కొట్టేశాను!

ఆ రోజు ఫినిష్ లైన్ దగ్గర తీసిన ఫొటో మా ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టారు. దాంట్లో నా తల కిందికి ఉంటుంది, కుడిచేయి ఎడమచేతి మీద ఉంటుంది. వాచీ ఆపుతున్నాను. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ చూపించి మరీ అంటుంది, "మా వాడేనండీ, మొహమే కనపడదు గానీ" అని.

సరే, ఆ మంగళవారం సంగతి. హైదరాబాద్‌లో రూములో అయిదింటికి అలారం మోగింది. ఆపేశాను. రెస్టు తీసుకోవాలి కదా అనుకున్నాను. తర్వాతి వారం కూడా ఆపేశాను. ఆ తర్వాత అలారమే తీసేశాను. నాలుగున్నరేళ్ళు పరిగెత్తలేదు. ఎవరైనా అడిగితే "కరోనా వచ్చింది కదండీ, ఆగిపోయింది" అనేవాణ్ణి. చాలామందికి చెప్పాను ఈ మాట. నేనూ నమ్మేశాను. కానీ లాక్‌డౌన్ పెట్టింది 2020 మార్చి ఆఖర్లో. నేను ఆపేసింది 2019 నవంబరులో. మధ్యలో నాలుగు నెలలు రోడ్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. కరోనాకి ఏ పాపం తెలీదు.

మరి ఎందుకు ఆగిపోయాను? గెలిచాక ఆగిపోవడం ఏంటి? ఓడిపోయి ఆగిపోయారంటే అర్థముంది. ఇదే నాకు చాలాకాలం అర్థం కాలేదు.

దీనికి కాస్త దగ్గరగా వచ్చే పరిశోధన ఒకటుంది. ఎరిక్ ఆలెన్, ప్యాట్రిషియా డెకో, డెవిన్ పోప్, జార్జ్ వూ అనే నలుగురు 2017లో ఒక పేపరు వేశారు. దాదాపు 98 లక్షల మారథాన్ ఫినిష్ టైములు తీసుకుని గ్రాఫ్ గీశారు. ఎలా ఉండాలి ఆ గ్రాఫ్? నున్నగా, కొండలాగా లేచి దిగాలి. కానీ అలా లేదు. మూడు గంటలు, నాలుగు గంటలు ఇలాంటి గుండ్రటి అంకెల దగ్గర మెట్టులాగా విరిగింది. అంటే 3:59లో వచ్చినవాళ్ళు గుంపులు గుంపులు, 4:01లో వచ్చినవాళ్ళు బాగా తక్కువ. జనం ఆ గీత కోసమే ప్రాణం పెట్టి ఆఖర్లో లాగుతున్నారన్నమాట. గీత దాటడం ఇక కుదరదని తెలిసినవాళ్ళు మాత్రం అంతలా లాగరు.

చూడండి, అంకెకి బలం ఉంది. అది లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. నన్ను అయిదు నెలలు చీకట్లో లేపింది అంకే. కానీ ఆ బలం గీత దాకానే. గీతకి ఇవతల నుంచి లాగుతుంది, అవతల పడ్డాక పట్టించుకోదు.

పోనీ ఆ గీతని ఎవరు గీశారు? మారథాన్ 42.195 కిలోమీటర్లు అని మనందరికీ తెలుసు కదా. ఆ అంకె 1908 లండన్ ఒలింపిక్స్‌ది. విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ఆపాలంటే అంత దూరం వచ్చింది. 1921లో అదే ఖాయం చేశారు. నా 21 కిలోమీటర్లు దాంట్లో సగం. గంటకి అరవై నిమిషాలన్నది ఎప్పటి లెక్కో. రాజుగారి కుర్చీ ఒక పక్క, పాతకాలం లెక్క ఒక పక్క, ఆ రెండూ కలిస్తే నా "రెండు గంటల లోపు". నా గుండెకి, నా పిక్కలకి ఈ విషయాలేవీ తెలియవు.

ఇంకో ప్రయోగం చెప్తాను, ఇది పిల్లల మీద చేసింది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు చేశారు. రంగు స్కెచ్ పెన్నులతో బొమ్మలు వెయ్యడమంటే ముందునుంచీ ఇష్టమున్న చిన్నపిల్లల్ని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. రెండో గుంపుకి ముందు ఏమీ చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో గుంపుకి ఏమీ లేదు. కొన్ని రోజుల తర్వాత తరగతిలో ఆ పెన్నులు ఊరికే పెట్టి చూశారు. ముందే చెప్పి బహుమతి ఇచ్చిన పిల్లలు మిగతావాళ్ళకంటే బాగా తక్కువసేపు ఆడుకున్నారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి ఏ నష్టమూ జరగలేదు. అంటే తప్పు సర్టిఫికెట్‌ది కాదు. "నేను దీనికోసం వేస్తున్నాను" అని పిల్లాడి మనసులో పడిపోయింది చూశారా, అక్కడ వచ్చింది చిక్కు. ఇష్టంగా ఆడుకునేది పనైపోయింది. పనికి జీతం ఆగిపోతే ఎవరు చేస్తారు?

నా 2018 పరుగు రెండో గుంపు. చెప్పకుండా వచ్చిన మెడల్. 2019 పరుగు మొదటి గుంపు.

ఐటీలో పనిచేసేవాళ్ళకి ఇది ఇంకోలా తెలుసు. ఎవరు ఎక్కువ టికెట్లు క్లోజ్ చేస్తే వాళ్ళు గొప్ప అని మేనేజర్ అన్నాడనుకోండి, రెండు వారాల్లో ఏమవుతుంది? ఒక పెద్ద టికెట్ నాలుగు చిన్న టికెట్లైపోతుంది. కొలత లక్ష్యమైపోతే అది మంచి కొలతగా పనికిరాదు. గుడ్‌హార్ట్ సూత్రం అంటారు దీన్ని, చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త పేరు మీద. నేను ఆఫీసులో దీని మీద ప్రెజెంటేషన్ కూడా ఇచ్చాను. చేతికున్న వాచీ వైపు మాత్రం చూసుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. 2024 మొదట్లో నేను ఉద్యోగం మానేశాను, మీకు తెలుసు. ఈ ఛానెల్ కోసం. ఒక ఏడాదికి సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్నాను. ఏడాదిలోపు నిలబడకపోతే మళ్ళీ రెజ్యూమె పట్టుకోవాలి, ఇంట్లో అదీ ఒప్పందం. మొదటి రెండు నెలలు పండగ. నచ్చింది చదవడం, నచ్చినట్టు చెప్పడం. జూన్ వచ్చేసరికి రాత్రి మూడింటికి మెలకువ వస్తే మంచినీళ్ళు తాగేముందు ఫోన్ తీసి వ్యూస్ చూస్తున్నాను. ఒక వీడియో బాగా పోతే దాంట్లో ఏం చెప్పానో గుర్తుండేది కాదు, ఎంత పోయిందో గుర్తుండేది. సబ్‌స్క్రైబర్లు అనుకున్న అంకె దాటిన రోజు స్వీట్లు తెప్పించాను. ఆ తర్వాత పది రోజులు స్క్రిప్టు ఒక్కటి కూడా రాయలేకపోయాను. ఖాళీ. ఈ ఖాళీ నాకు ఎక్కడో తెలుసు అనిపించింది. 2019 మంగళవారం అది.

అప్పుడు నిజంగా భయం వేసింది. పరుగు మానేస్తే పద్నాలుగు కిలోలు పెరిగాను, అంతే కదా అనుకోవచ్చు. దీన్ని కూడా అలాగే వదిలేస్తే? ఉద్యోగం వదులుకుని వచ్చింది దీనికోసమా?

అదే సమయంలో రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గుమ్మం దగ్గరున్నట్టు లెక్క. నాన్నకి షుగర్ ఉంది. ఆగస్టులో ఒకరోజు నాన్న ఫోన్ చేశారు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, రోజూ పొద్దున్నే బీచ్‌లో నడుస్తారు. "ఒరేయ్, మా వాకింగ్ బ్యాచీ అంతా నేవీ మారథాన్‌కి పేర్లిస్తున్నాం, అయిదు కిలోమీటర్లకి. నీకూ ఇరవై ఒకటికి కట్టేయమంటావా?" అన్నారు. కట్టేయమన్నాను. డిసెంబరులో రేసు. చేతిలో నాలుగు నెలలు.

కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాను మొదటిరోజు. ఒక్క కిలోమీటరు దాటగానే చెట్టు పట్టుకుని నిలబడిపోయాను. ఇక్కడ కాస్త శరీరం సంగతి చెప్పాలి, ఎందుకంటే తిరిగి మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే మానేస్తారు. పరుగు ఆపేసిన కొద్ది రోజులకే రక్తంలో ద్రవభాగం తగ్గుతుంది, గుండె ఒక్కసారి కొట్టుకుంటే బయటికి పంపే రక్తం తగ్గుతుంది. 1984లో ఎడ్వర్డ్ కోయల్ బృందం బాగా తర్ఫీదున్నవాళ్ళ చేత ప్రాక్టీసు ఆపించి కొలిచారు. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, అదే వీఓటూ మ్యాక్స్ అంటారు, మూడు వారాల్లో 7 శాతం పడిపోయింది, ఎనిమిది వారాలకి సుమారు 16 శాతం దగ్గర నిలబడింది. మూడు నెలల్లోపే అంత పోతే, నాలుగున్నరేళ్ళకి, పైగా పద్నాలుగు కిలోలకి, నేను చెట్టు పట్టుకోవడంలో వింతేముంది?

మంచి వార్త ఏంటంటే, ఇది తిరిగి కూడా త్వరగానే వస్తుంది. నాలుగైదు వారాల్లో ఆయాసం బాగా తగ్గింది. చెడ్డ వార్త, గుండె, ఊపిరితిత్తులు పుంజుకున్నంత వేగంగా ఎముకలు, స్నాయువులు పుంజుకోవు. వాటికి నెలలు పడుతుంది. పాత స్కూటర్‌కి కొత్త ఇంజిను పెట్టినట్టు. ఇంజిను లాగుతోంది కదా అని తిప్పితే ఫ్రేము విరుగుతుంది. నేను అదే చేశాను. అయిదో వారం ఊపొచ్చి, పాత అంకెలు గుర్తొచ్చి, పన్నెండు కిలోమీటర్లు గట్టిగా లాగాను. మోకాలి కింద ముందువైపు ఎముక పట్టేసింది. పది రోజులు మంచం.

ఆ పది రోజుల్లో నాకు ఇంకో విషయం తెలిసింది. షుగర్ భయం అప్పటికే అయిపోయింది. నిజమండీ. భయం సుమారు మూడు వారాలు లేపింది నన్ను, ఆ తర్వాత దానికే నిద్రొచ్చేసింది. బరువు కూడా అంతే. లెక్క చెప్తాను చూడండి. పరుగులో ఒక కిలో బరువుకి ఒక కిలోమీటరుకి సుమారు ఒక కిలో కేలరీ ఖర్చవుతుంది. ఎనభై కిలోల మనిషి అయిదు కిలోమీటర్లు పరిగెత్తితే 400. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700. అంటే తిండి పెంచకుండా అలాంటివి పందొమ్మిది పరుగులు. తూకం మిషన్ ఎక్కి దిగుతూ ఉంటే పందొమ్మిది పరుగుల దాకా ఎవరు ఆగుతారు?

మరి కాలు తగ్గాక నేను మళ్ళీ ఎందుకు వెళ్ళాను? గార్డెన్‌లో రోజూ ఎదురొచ్చే ఒక పెద్దాయన వల్ల. పేరు కూడా తెలీదు అప్పటికి. పదకొండో రోజు మెల్లగా నడుస్తుంటే ఎదురొచ్చి, "ఏం బాబూ, వారమైంది కనపడి, ఊరెళ్ళావా?" అన్నారు. అంతే. నేను లేనని ఒకరు గమనించారు. నా వీడియో రాకపోతే గమనించేది అల్గారిథమ్ మాత్రమే అనుకుంటున్న రోజులవి.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద దశాబ్దాలు పనిచేశారు. మనిషి ఒక పనిని సొంతంగా, ఎవరూ తోయకుండా చేస్తూ ఉండాలంటే మూడు కావాలంటారు. ఇది నేను ఎంచుకున్నాను అన్న స్వేచ్ఛ. కొంచెం కొంచెం వస్తోంది అన్న నేర్పు. నావాళ్ళున్నారు అన్న తోడు. మా నాన్న వాకింగ్ బ్యాచీకి ఈ సిద్ధాంతం పేరు తెలీదు. కానీ వాళ్ళలో ఒకరు రాకపోతే ఆరున్నరకల్లా ఫోన్ వెళ్తుంది. నడక అయ్యాక టీ బండి దగ్గర అరగంట. మోకాళ్ళ నొప్పులు, పెన్షన్లు, రాజకీయాలు, అన్నీ అక్కడే. ఎనిమిదేళ్ళుగా నడుస్తున్నారు. ఎవరి దగ్గరా ఎక్సెల్ షీటు లేదు.

సరే, నేనొక పద్ధతి పెట్టుకున్నాను. వాచీ మానలేదు, కానీ దాని మొహం మీద మందుల షాపులో దొరికే తెల్ల టేపు అంటించాను. పరుగంతా అయ్యాక, స్నానం చేశాక మాత్రమే టేపు తీసి చూడాలి. వేగానికి కొలత నోరు. పక్కనున్నవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగం, రెండు మాటలకే ఊపిరి అందకపోతే ఎక్కువ. మొదటి వారం పిచ్చెక్కింది. మూడో వారానికి చుట్టూ చెట్లున్నాయని తెలిసింది.

డిసెంబరు. ఆర్కే బీచ్. ఇంకా చీకటి. వేల మంది. అయిదేళ్ళ తర్వాత బిబ్ గుచ్చుకుంటుంటే చేతులు వణికాయి. మొదలయ్యాక సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, లాసన్స్ బే దాటి, తెన్నేటి పార్కు ఎక్కుడు దాకా బ్రహ్మాండంగా ఉంది. రుషికొండ వైపు వెళ్తుంటే సూర్యుడొచ్చాడు. పక్కన ఒక కుర్రాడు మొదటిసారి పరిగెత్తుతున్నాడు, "అన్నా, ఇంకా ఎంతుంది?" అని అడుగుతూనే ఉన్నాడు. అయిపోయింది తమ్ముడూ అన్నాను. అబద్ధమే.

పదహారో కిలోమీటరు దగ్గర నేను టేపు పీకేశాను. ఎందుకంటే ఏం చెప్పను. చెయ్యి దానంతట అదే వెళ్ళిపోయింది. చూశాను. వెంటనే బుర్రలో లెక్క మొదలైంది. కిలోమీటరుకి ఇంత లాగితే 2:15 వస్తుంది. 2:15 అంటే పర్లేదు కదా, చెప్పుకోవచ్చు. లాగాను. రెండు కిలోమీటర్లు గాలిలో వెళ్ళాను, ఆ తర్వాత కాళ్ళు రాళ్ళైపోయాయి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. నాలుగు నెలలు చెప్పుకున్న నీతులన్నీ అక్కడే రోడ్డు మీద. ఎక్కుడు మీద నడిచాను. ఆ కుర్రాడు నన్ను దాటి వెళ్తూ "రండన్నా" అని చెయ్యి ఊపాడు. 2:21లో చేరాను.

నాన్న అప్పటికే తనది ముగించుకుని, మెడలో మెడల్, చేతిలో టిఫిన్ పొట్లంతో నిలబడి ఉన్నారు. పక్కన వాళ్ళ బ్యాచీ అంతా. నేను వెళ్ళగానే, ఎవరూ అడక్కుండానే, "రెండు ఇరవై ఒకటి నాన్నా" అన్నాను.

"మంచిదేనా అది?" అన్నారు.

వెటకారం కాదు. నిజంగానే తెలీదు ఆయనకి. నాకు వెంటనే జవాబు రాలేదు. 2019 కంటే ఇరవై రెండు నిమిషాలు ఎక్కువ. ఆగస్టులో చెట్టు పట్టుకున్నదానితో పోలిస్తే నమ్మలేనిది. "నువ్వెంతలో వచ్చావు?" అని అడిగాను. "చూళ్ళేదురా. నలుగురం కలిసే వచ్చాం. మధ్యలో ఒకాయనకి కాలు పట్టేస్తే ఆగాం కాసేపు" అన్నారు. పొట్లం విప్పి ఉప్మా నా చేతిలో పెట్టారు. ఆ ప్రశ్నకి జవాబు నేను ఇప్పటికీ చెప్పలేదు.

ఆ మంగళవారం వైజాగ్‌లోనే ఉన్నాను. అయిదున్నరకి నాన్న చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడికి మెలకువొచ్చింది. ఒళ్ళు ఇంకా నొప్పిగానే ఉంది. ముందు రేసేమీ లేదు. వాచీ ఛార్జింగులో ఉంది. వాళ్ళతో పాటు నడిచాను, చివర్లో ఒక రెండు కిలోమీటర్లు మెల్లగా పరిగెత్తాను. తర్వాత టీ బండి. ఇదీ నా రెండో జవాబు. ఇది గెలుపు అని చెప్పట్లేదు. ఒక్క మంగళవారమే. దాని తర్వాత ఇప్పటిదాకా ఇంకొన్ని మంగళవారాలు వచ్చాయి, ఎక్కువసార్లు లేచాను, రెండుసార్లు లేవలేదు.

మీరూ మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటే నాకు తెలిసింది చెప్తాను. వారానికి మూడు రోజులు చాలు. మొదటి నెలంతా నడక, మధ్యమధ్యలో పరుగు. మాట్లాడగలిగే వేగమే. ఆయాసం తగ్గింది కదా అని అయిదో వారం ఎగరకండి, ఫ్రేము ఇంకా పాతదే. ఛాతీలో నొప్పి, తల తిరగడం లాంటివి ఉన్నా, షుగర్, బీపీ ఉన్నా ముందు డాక్టర్‌కి చూపించుకోండి. రేసుకి పేరివ్వండి, తప్పు లేదు, తేదీ ఉంటే మొదలుపెట్టడం తేలిక. కానీ ఆ రేసుకి ముందే దాని తర్వాతి మంగళవారానికి ఏదో ఒకటి పెట్టుకోండి. ఎవరితోనైనా కలిసి టీ అన్నా సరే. ముఖ్యంగా, మీరు రాకపోతే "ఏం, కనపడలేదు" అని అడిగే ఒక మనిషిని సంపాదించుకోండి. పెద్ద కష్టం కాదు, రోజూ ఒకే టైముకి ఒకే చోటికి వెళ్తే వాళ్ళే దొరుకుతారు.

ఇక ఛానెల్ సంగతి. అంకెలు చూడటం మానేశానని చెప్తే అబద్ధం. ఇల్లద్దె ఇష్టంతో కట్టలేం. కాకపోతే ఆ యాప్ ఫోన్‌లో తీసేశాను, నెలకోసారి ల్యాప్‌టాప్‌లో చూస్తున్నాను. టేపు అంటించినట్టే. అప్పుడప్పుడు పీకి చూస్తున్నాను కూడా, పదహారో కిలోమీటరు దగ్గరలాగే. పెట్టుకున్న ఏడాది గడువు దగ్గరికొచ్చింది, మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాల్సి రావచ్చు, ఇంకా తేల్చుకోలేదు. కానీ ఉద్యోగం చేసుకుంటూ అయినా వారానికి ఒకటి చేస్తాననే అనిపిస్తోంది. ఆర్నెల్ల క్రితం ఆ మాట అనగలిగేవాణ్ణి కాదు.

అన్నట్టు ఈసారి ఫినిష్ లైన్ ఫొటో వచ్చింది. చూస్తే మళ్ళీ తల కిందికే, చెయ్యి వాచీ మీదే. ఐదేళ్ళైనా మారలేదు. అమ్మ మాత్రం దాన్ని పక్కన పెట్టి, టిఫిన్ పొట్లం దగ్గర నాన్న బ్యాచీలో ఎవరో ఫోన్‌లో తీసినదాన్ని ఫ్రేముకి ఇచ్చింది. నోటినిండా ఉప్మాతో ఉన్నాను దాంట్లో. మొహం కనపడుతోంది.

ఈ ఎపిసోడ్ తర్వాత లైక్ కొట్టండి అని అడగడానికి నాకే సిగ్గుగా ఉంది, అందుకని అడగను. మీరు ఇష్టంగా మొదలుపెట్టి, గెలిచాక వదిలేసింది ఏదైనా ఉంటే రాయండి, చదువుతాను. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఉంటానండీ, నమస్కారం.